దూరం మార్కులు

మన డాక్టర్లకు వైద్యం తప్ప మరేమీ తెలియదన్న సంగతి ప్రభుత్వానికి ఒక థర్మామీటరు వల్ల తెలిసివచ్చింది. ఒక పెద్దమనిషికి (పేరూ హోదా మనకెందుకు) జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేరాడు. మంచం మీద ఊరికే పడుకోలేక, తాను రాసిన పద్యాలు నాలుగు డాక్టరుకు వినిపించబోయాడు. "కాసేపు నోరు మూసుకోండి, థర్మామీటరు జారిపోతుంది" అన్నాడు డాక్టరు. జ్వరం మర్నాటికే దిగింది గానీ ఆ మాట మాత్రం దిగలేదు. నెల తిరక్కుండానే ఒక సంఘం పుట్టింది. దాని పేరు వైద్యవిద్యా పూర్వ పరిపక్వతా సంఘం. ఆ సంఘం చల్లటి ఊళ్ళన్నీ తిరిగి ఆలోచించి, ఇకమీదట ఈ రాష్ట్రంలో ఎం.బి.బి.ఎస్.లో చేరదలచినవాళ్ళు ముందుగా ఏదో ఒక ఎం.ఏ. గానీ ఎమ్మెస్సీ గానీ పాసై, లోకజ్ఞానం సంపాదించుకుని రావాలని తేల్చింది.

అక్కడితో ఆగితే అది మామూలు ఉత్తర్వే. కానీ సంఘం అధ్యక్షులు నీలాద్రిరావుగారు సిద్ధాంతం లేకుండా కాఫీ కూడా తాగరు. సంకుచితత్వానికి విరుగుడు దూరమే అన్నది ఆయన సిద్ధాంతం. కాబట్టి చదివిన ఎం.ఏ. వైద్యానికి ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ మార్కులు. వందకు లెక్క. జీవరసాయనం చదివినవాడికి రెండు, ఆర్థికశాస్త్రానికి నలభై, ఖగోళశాస్త్రానికి తొంభై ఆరు. నక్షత్రాలు నిజంగానే దూరంగా ఉంటాయి కాబట్టి ఆ అంకె మీద ఎవరూ పేచీ పెట్టలేదు. ప్రవేశ పరీక్ష రద్దయిపోయింది. అది వైద్యానికి మరీ దగ్గరగా ఉందట.

రామచంద్రపురంలో గుబ్బల త్రినాథ్ ఈ వార్త చదివి గంతులేశాడు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉత్తర్వుకు సంతోషించినవాడు బహుశా అతనొక్కడే. ఇంటర్ అయ్యాక అతనూ ప్రవేశ పరీక్ష రాశాడు. వచ్చిన ర్యాంకు ఎవరికైనా చెబితే ఫోన్ నంబరనుకుని రాసుకునేవారు. గత్యంతరం లేక బీఎస్సీలో చేరి, చివరి సంవత్సరంలో ఉన్నాడు. తనకున్న బుర్ర ఏపాటిదో అతనికి బాగా తెలుసు. కానీ డాక్టరవ్వాలన్న కోరిక ఆ బుర్రను అడిగి పుట్టింది కాదు. అతను ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ మంగతాయారు కుట్టుమిషను మీదే చెమటలు పట్టి ఒరిగిపోయింది. ఏం చెయ్యాలో తెలియక త్రినాథ్ ఆమెకు విసనకర్రతో విసురుతూ ఏడిచాడు. పక్కింటి వరలక్ష్మిగారు పరుగున వచ్చి నోట్లో పంచదార పోసింది. అది షుగరు జబ్బనీ, సూది వేసుకుని తినకపోతే అలా పడిపోతారనీ ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచీ అతని జేబులో ఎప్పుడూ ఒక పంచదార పొట్లం ఉంటుంది. అమ్మకు సూది వెయ్యడం కూడా అతనే నేర్చుకున్నాడు. ఆ మాత్రానికే తనలో ఒక మహావైద్యుడు దాక్కున్నాడని నమ్మేశాడు. అలాంటి నమ్మకాలకి అతని దగ్గర ఎన్నడూ లోటు లేదు.

ఏ ఎం.ఏ. చదవాలో తేల్చుకోడానికి తల్లీ కొడుకూ కాకినాడలో కర్రి పాండురంగం అనే సలహాదారు దగ్గరికెళ్ళారు. ఆయన నిన్నటిదాకా ఇంటర్ పిల్లలకి కోచింగ్ సెంటర్ నడిపాడు. ఉత్తర్వు రాగానే బోర్డు మార్చేసి 'దూర నిపుణుడు' అయ్యాడు.

"డిగ్రీలో ఏం చదివావు బాబూ?" అన్నాడు.

"బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ అండి."

పాండురంగం లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "జువాలజీయా! కప్పని కోశావా?"

"కోశానండి."

"ఎన్ని?"

"ఒకటేనండి. అది కూడా సరిగ్గా కొయ్యలేదని మాస్టారు తిట్టారండి."

"ఆ తిట్టినట్టు కాగితమేమైనా ఉంటే పనికొస్తుంది. లేకపోతే కప్ప సంగతి బయట ఎక్కడా అనకు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇప్పుడు తెలుగు ఎం.ఏ. ఉందనుకో. మొన్నటిదాకా అరవై ఇచ్చేవారు. మన కావ్యాల్లో అమ్మాయిల్ని కాలిగోటి నుంచి నెత్తిదాకా వర్ణిస్తారా? అది అనాటమీ కిందికొస్తుందని ముప్ఫయ్యయిదుకి దించేశారు. సంగీతం పనికిరాదు, లయ అంటే నాడి చూడటమేనంట. లా అయితే పోస్టుమార్టం రిపోర్టులుంటాయి. గుళ్ళ వాస్తు మంచిదే గానీ అందులో గర్భాలయం అన్న ముక్కకి మూడు మార్కులు కోసేశారు."

"మరి నక్షత్రాలో బాబూ?" అంది మంగతాయారు ఆశగా.

"దానికి లెక్కలు రావాలమ్మా."

తల్లి కొడుకు వైపు చూసి ఇంకేమీ అడగలేదు. త్రినాథ్‌కి ఆ చూపు కొంచెం గుచ్చుకుంది గానీ, అందులో అబద్ధమేమీ లేదు.

"శాసనశాస్త్రం తీసుకో" అన్నాడు పాండురంగం. "రాళ్ళ మీద పాత రాతలు చదవడం. తొంభై ఒకటి. రాళ్ళంటే కిడ్నీలో రాళ్ళు గుర్తుకొస్తాయని ఒక సభ్యుడు అభ్యంతరం పెట్టాడుట. రాళ్ళ సైజు చూసి కొట్టిపారేశారు."

అలా త్రినాథ్ డాక్టరవ్వడం కోసం రాళ్ళ పాలయ్యాడు. రాయి కడిగి, తడికాగితం పరిచి, బ్రష్షుతో బాదిబాది, సిరా అద్ది అక్షరాలు పైకెత్తడం నేర్చుకున్నాడు. ఏ రాజు ఏ గుడికి ఎన్ని గొర్రెలిచ్చాడో, ఆ గొర్రెల నేతితో ఏ దీపం వెలిగిందో చదివాడు. ఎండలో పొలాల గట్ల మీద బోర్లా పడుకుని రాళ్ళని తడుముతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు జాలిపడి మజ్జిగ తెచ్చి ఇచ్చేవారు. గేదెలు కూడా ఆగి చూసేవి. ఆశ్చర్యమేమిటంటే అతనికి ఆ పని నచ్చసాగింది. నచ్చినందుకు తనని తనే తిట్టుకున్నాడు.

ఒక రోజు ఒక చెరువుగట్టు కింద సగం పూడిపోయిన రాయి దొరికింది. పూర్వం ఎవరో ఒక ఇల్లాలు, దారిన పోయే రోగులు తలదాచుకోడానికి ఒక సత్రమూ, మందిచ్చే వైద్యుడికి భూమీ దానం చేసిందట. 'వచ్చినవారిని ఏ కులం ఏ ఊరు అని అడగక మందు ఇవ్వవలెను' అని ఉంది. ఆ వాక్యం దగ్గర త్రినాథ్ వేలు ఆగిపోయింది. నాలుగు సార్లు పైకి చదువుకున్నాడు. ఆ తర్వాత పాండురంగానికి ఫోన్ చేశాడు.

"వైద్యుడా? రాతిమీదా?" అన్నాడు పాండురంగం. "ఎవరైనా చూశారా?"

"గేదెలు తప్ప ఎవరూ లేరండి."

"మట్టి కప్పెయ్."

త్రినాథ్ మట్టి కప్పేశాడు. ఎన్నో వందల ఏళ్ళుగా ఎవరో వచ్చి చదవకపోతారా అని ఎదురుచూసిన అక్షరాలని, వాటిని చదవగలిగినవాడే వచ్చి పూడ్చిపెట్టాడు. సైకిలెక్కి ఇంటికొస్తూ, ఇంతకంటే నీచమైన పని ఇంకెవరైనా చేశారేమోనని దారంతా వెతుక్కున్నాడు. ఎవరూ గుర్తుకు రాలేదు.

రెండేళ్ళలో ఎం.ఏ. పాసయ్యాడు. ఈలోగా రాష్ట్రమంతా దూరం కోసం పోటీ పడటంతో మార్కులు అందరికీ దాదాపు సమానమైపోయాయి. సంఘం మళ్ళీ కూర్చుని ఉత్తర్వును సవరించింది. చదువు దూరంగా ఉంటే చాలదు, బతుకు కూడా దూరంగా ఉండాలి. ప్రతి అభ్యర్థీ తహసీల్దారు నుంచి 'వైద్య అపరిచయ ధ్రువపత్రం' తేవాలి. అభ్యర్థికి గానీ, అదే కప్పు కింద నివసించే వాళ్ళకి గానీ రోగాలతో, మందులతో, డాక్టర్లతో ఎలాంటి పరిచయమూ లేదని అందులో ఉండాలి. ఆస్పత్రిలో పుట్టినవాళ్ళకి రెండు మార్కులు కోత. త్రినాథ్ అదృష్టవశాత్తూ ఆస్పత్రికి వెళ్తుండగా ఆటోలో పుట్టాడు. ఒక మార్కే పోయింది.

ఇంటిని తనిఖీ చెయ్యడానికి తహసీల్దారు ఆఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్.ఐ. గారు వస్తున్నారని తెలియగానే మంగతాయారు ఇన్సులిన్ బుడ్లు తీసుకెళ్ళి వరలక్ష్మిగారి ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనకాల దాచింది. సూదులు మిషను సొరుగులో కుట్టుసూదుల కింద పెట్టింది. ఆర్.ఐ. గారు గుమ్మంలోనే ఆగి గాలి పీల్చారు.

"ఏదో వాసనొస్తుందేంటమ్మా?"

"చారండి, బాబూ. వాము వేశాను."

"వాము అరుగుదలకి మంచిది. అంటే ఔషధం." ఆయన రాసుకోబోయి, దయతలచి ఆగిపోయారు. "పొరపాటున పడిందని రాసుకుంటాలే. ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా?"

"మా ఇంటావంటా లేవండి" అంది మంగతాయారు. నిటారుగా నిలబడి, గుండ్రాయిలా ఉన్నానని చూపించడానికి గోడపక్కనున్న బియ్యం బస్తాని అవసరం లేకుండా ఇటు నుంచి అటు జరిపింది. త్రినాథ్ తల దించుకున్నాడు. ఆ బస్తా ఎత్తితే అమ్మకి కళ్ళు తిరుగుతాయని అతనికి తెలుసు.

ఆర్.ఐ. గారు కూర్చోబోతూ అబ్బా అని మోకాలు పట్టుకున్నారు. "ఏంటోనమ్మా, మెట్లెక్కితే ప్రాణం పోతుంది."

"అయ్యో, వావిలాకు..." అని మొదలెట్టింది మంగతాయారు. త్రినాథ్ పక్కకి జరిగి ఆవిడ కాలు తొక్కాడు. "వావిలాకు... చూడ్డానికి బాగుంటుందండి" అని ముగించింది.

ఆర్.ఐ. గారు నిరాశగా, తహసీల్దారు ముందే సంతకం పెట్టి ఉంచిన ధ్రువపత్రం మీద తనదీ పెట్టి, ఇచ్చేసి, కుంటుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన అడిగింది పరీక్ష కోసం కాదనీ, పాపం నిజంగానే అడిగారనీ ఆయన మలుపు తిరిగాక గాని వాళ్ళకి తట్టలేదు. ఆ పూట మంగతాయారుకు అన్నం సయించలేదు.

"పోన్లేరా నాన్నా" అంది. "నాకేం జబ్బు లేదని గవర్నమెంటే రాసిచ్చిందిగా. నిజంగా తగ్గిపోద్దేమో చూద్దాం." నవ్వించడానికే అంది. త్రినాథ్‌కి నవ్వు రాలేదు. అమ్మని మార్కుల కోసం ఇంట్లోంచి చెరిపేశానని అతనికి ఆ రాత్రి చాలాసేపు అనిపిస్తూనే ఉంది. అయినా పొద్దున్నే లేచి ధ్రువపత్రానికి ప్లాస్టిక్ కవరు తొడిగాడు.

ఇంటర్వ్యూ జరిగింది సంఘం కార్యాలయంలోనే. వరండా పొడుగునా బెంచీల మీద అభ్యర్థులు, తోడొచ్చినవాళ్ళు. ఎవరూ దగ్గడం లేదు. ఒకమ్మాయికి తుమ్ము వస్తే ముక్కు గట్టిగా పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంది. మంగతాయారు సంచిలో అన్నం క్యారేజీ, దాని అడుగున తడిగుడ్డలో చుట్టిన ఇన్సులిన్ పెట్టుకుని, పూర్ణారోగ్యంతో వెలిగిపోతున్నట్టు కూర్చుంది.

లోపలికి ఇద్దరిద్దరిని పిలుస్తున్నారు. త్రినాథ్‌తో పాటు ఖగోళశాస్త్రం చదివిన పృథ్వీతేజ అనే కుర్రాడు వెళ్ళాడు. మధ్యలో నీలాద్రిరావుగారు, చెరో పక్కా ఒక సభ్యుడు. పొద్దుటి నుంచీ లేవకుండా కూర్చున్నారేమో, అధ్యక్షులవారి ముఖం పాలిపోయి ఉంది.

"అభ్యర్థీ" అన్నారు త్రినాథ్‌తో, "గుండె ఎక్కడ ఉంటుంది?"

ఇది పేరుమోసిన ప్రశ్న. పాండురంగం పదిసార్లు వల్లె వేయించాడు. "విన్నానండి గానీ, చూడలేదండి."

"సాధు! వైద్యమందు నీకు గల అపరిచయమును సంఘము హర్షించుచున్నది." ఆయన పృథ్వీతేజ వైపు తిరిగారు. "నీవు... నీవు చెప్పు... ఈ ఫైలు... ఈ ఫైలు ఎందుకు ఊగుతోంది?"

ఫైలు ఊగడం లేదు. ఆయన చెయ్యి ఊగుతోంది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పడుతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. "కిటికీ మార్కులు వెయ్యండి" అని పక్క సభ్యుడి మీద అకారణంగా కసిరి, బల్ల మీదికి వాలిపోయారు.

గదిలో ఎవరూ కదల్లేదు. సభ్యులిద్దరూ సంఘం సభ్యులే కాబట్టి వాళ్ళకీ వైద్యంతో పరిచయం ఉండకూడదు. ఒకాయన ఇటువంటి సందర్భానికి నిబంధన ఏమైనా ఉందేమోనని పుస్తకం తిరగెయ్యసాగాడు. పృథ్వీతేజ వంగి, ఎంతో మర్యాదగా, "సార్, చుక్కలు కనిపిస్తున్నాయా? ఏ వైపు?" అని అడిగాడు.

త్రినాథ్‌కి అన్నీ తెలుసు. ఆ చెమటా, ఆ వణుకూ, ఆ అర్థంలేని కోపమూ అతను పదేళ్ళుగా ఇంట్లో చూస్తున్నవే. చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. తొంభై మార్కులు. రెండేళ్ళ రాళ్ళు. పూడ్చిపెట్టిన శాసనం. కదలకుండా నిలబడితే చాలు, సీటొచ్చేస్తుంది. అతను నిజంగానే కాసేపు నిలబడ్డాడు. డాక్టరవ్వాలంటే ఈ మనిషిని ఇలాగే వదిలెయ్యాలి కదా అని లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క వేస్తున్నది తనేనని తెలిసొచ్చింది. ఒక్క అంగలో బల్ల దగ్గరికెళ్ళి, ఆయన తల పైకెత్తి పట్టుకుని, "మింగగలరాండి?" అని అడిగాడు. ఆయన తల ఊపారు. పంచదార కొద్దికొద్దిగా నోట్లో వేసి, నీళ్ళు తాగించి, మళ్ళీ వేశాడు.

చూస్తుండగానే నీలాద్రిరావుగారికి కళ్ళు తేటపడ్డాయి. ముందు కళ్ళజోడు సర్దుకున్నారు. తర్వాత మూతికంటిన పంచదార తుడుచుకున్నారు. తర్వాత అధ్యక్షులయ్యారు.

"అభ్యర్థీ, నీవు మా ప్రాణములను కాపాడితివి. సంఘము కృతజ్ఞత తెలుపుకొనుచున్నది. అయితే ఈ లక్షణములు నీకెట్లు తెలిసినవి?"

పక్క సభ్యుడు మంచివాడు. త్రినాథ్ వైపు ఒంగి మెల్లిగా అన్నాడు. "చూడు బాబూ, నువ్వు తినబోతున్న పంచదార చెయ్యి జారి సారు నోట్లో పడిందని రాసుకుంటాను. సరేనను. మార్కులు పోవు."

మంచి దారే. త్రినాథ్ సరేనందామనే నోరు తెరిచాడు. తలుపు సందులోంచి వరండా కనిపించింది. అమ్మ నిటారుగా, కదలకుండా, ఎవరో ఫొటో తీస్తున్నట్టు కూర్చుని ఉంది. అన్నం వేళ దాటిపోతోంది. అక్కడ అందరి ముందూ సూది తియ్యకూడదు కాబట్టి క్యారేజీ కూడా విప్పలేదు.

"మా అమ్మకి షుగరండి" అన్నాడు త్రినాథ్, గది దద్దరిల్లేలా. "పదేళ్ళ నుంచీ ఉందండి. రోజూ నేనే సూది వేస్తానండి. కప్పని కూడా కోశానండి."

సభ్యుడు బాధగా కలం మూశాడు. నీలాద్రిరావుగారు కంఠం సవరించుకున్నారు. "ధ్రువపత్రము అసత్యము. పైగా రోగిని రక్షించుట అను ఆచరణాత్మక వైద్యపరిచయము సంఘము సమక్షముననే రుజువైనది. దూరము సున్న. ఈ అభ్యర్థి వైద్యవిద్యకు శాశ్వతముగా అనర్హుడు." తర్వాత పృథ్వీతేజ వైపు చూసి, "ఇతడు మేము పడిపోయినను చలింపలేదు. ఎంపిక" అన్నారు.

త్రినాథ్ బయటికొచ్చి సంగతంతా చెప్పాడు. మంగతాయారు నెత్తి కొట్టుకుంది. "నీ బుర్ర తగలెయ్య! ఆయన కాపాడమన్నాడా నిన్ను? పంచదార పోసి నోరు మూసుకోవచ్చు కదరా! ఇన్నాళ్ళ చదువూ..." అని సంచి విసురుగా పక్కకి జరిపింది. కాసేపటికి, "ఇంతకీ తేరుకున్నాడా ఆ మనిషి?" అని అడిగింది.

అప్పుడే బంట్రోతు అటూ ఇటూ చూసుకుంటూ వాళ్ళ దగ్గరికొచ్చాడు. "సారు అడగమన్నారండి, పొద్దున్న షుగరు మాత్ర ఏసుకుని ఏమీ తినలేదంట. ఇప్పుడేం చెయ్యాలని."

"నాకు తెలీదండి" అన్నాడు త్రినాథ్ గర్వంగా. "వైద్యంతో నాకు పరిచయం లేదని తహసీల్దారు గారు రాసిచ్చారండి. చూపించమంటారా?"

మంగతాయారు అతని చేతిలోంచి ఆ కవరు లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. "ఊరుకోరా! ఇదిగో బాబూ, మాత్ర ఏసుకుని తినకపోతే అంతే మరి. ముందు అన్నం తినమను. తర్వాత డాక్టరు దగ్గరికెళ్ళమను."

"డాక్టరు దగ్గరికెళ్తే అధ్యక్ష పదవి పోద్దండి" అన్నాడు బంట్రోతు.

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. క్యారేజీలో పైగిన్నె తీసి, ఆనపకాయ కూర కలిపిన అన్నం సగం సర్ది, అతని చేతిలో పెట్టింది. బంట్రోతు దాన్ని ఫైళ్ళ మధ్య దాచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

త్రినాథ్ సంచిలోంచి తడిగుడ్డ విప్పాడు. "ఇక్కడా? అందరూ చూత్తారురా" అంది మంగతాయారు. "చూడనీ" అని అతను అమ్మ చీర కుచ్చెళ్ళు కొంచెం పక్కకి లాగి, పొట్ట మీద గిల్లి పట్టుకుని, సంఘం బోర్డు కిందే, ఎప్పటిలాగే నెప్పి తెలియకుండా సూది వేశాడు.

వరండాలో అలజడి రేగింది. ఎం.ఏ.లూ ఎమ్మెస్సీలూ వాళ్ళ తల్లిదండ్రులూ, దూరం పోతుందన్న భయంతో, సంచులు పట్టుకుని గబగబా అవతలి చివరికి జరిగిపోయారు. ఆ బెంచీ మొత్తం తల్లీ కొడుకులకే మిగిలింది. ఇద్దరూ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, ధ్రువపత్రం మీద పచ్చడి వడ్డించుకుని, మిగిలిన అన్నం తిన్నారు.